నోటుపుస్తకంలో తెల్లవెంట్రుక

మా పిన్ని రోజూ ఉదయం దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకల్లోంచి తెల్లది ఒకటి ఏరుతుంది. నల్లది పనికిరాదు, కాగితం మీద ఎవరికైనా ఇట్టే కనిపిస్తుంది. ఆ తెల్లవెంట్రుకను గోధుమరంగు అట్ట ఉన్న నోటుపుస్తకంలో చివరగా రాసిన పేజీ మీద అడ్డంగా పరిచి, ఊపిరి బిగబట్టి మూసి, సంచిలో పెడుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, పుస్తకం తెరిచి కిటికీ వెలుగుకు వాల్చి చూస్తుంది. వెంట్రుక ఉంటే టీ పెడుతుంది. లేకపోతే ఆ రోజు ఆఫీసులో తన కుర్చీ దగ్గరికి వచ్చినవాళ్ళందరినీ వరసగా తలుచుకుంటుంది. అలాంటి రోజుల్లో టీ బాబాయి పెడతాడు.

అనుమానం ఆమెకు కొత్త కాదు. పాలప్యాకెట్ మీద తేదీని కొట్లో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, వంటింట్లో ఒకసారి చూస్తుంది. తాళం వేసి, మూడుసార్లు లాగి, వీధి దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తుంది. బాబాయికి వీధి మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది.

"నేను బాగుచేసిన గడియారాన్ని కూడా ఇంకో గడియారంతో సరిచూస్తుంది మీ పిన్ని," అంటాడు. "ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అందుకే ఆమె ముందు నేను ఆవలించను."

ఆఫీసులో ఆమె పేరు సీఐడీ. ఆ పేరు పెట్టింది జీపు డ్రైవరు. అతని పేరు రేడియో. ఆ పేరు పెట్టింది పిన్ని.

ఆమె పనిచేసేది ఒక పరిశోధనా కేంద్రంలో. కోతమిల్లులు, పిండిమిల్లులు, రాళ్ళు చెక్కే చోట్లు, ఇలా దుమ్ములో పనిచేసేవాళ్ళ ఊపిరి ఏటేటా ఎంత తగ్గుతుందో అక్కడ లెక్క కడతారు. పిన్ని ఆరు నెలలకోసారి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఒక చిన్న యంత్రం గొట్టంలోకి ఊదించి, అంకె రాసుకుని వస్తుంది. అంతే. ఇందులో వైద్యం లేదు, మందు లేదు. ఆ సంగతి చెప్పడానికే నాలుగు పేజీల అంగీకార పత్రం ఉంది. ఆ పత్రం చివర ఒక గడి ఉంటుంది. విన్న మనిషి తనకు అర్థమైంది తన మాటల్లో చెప్పాలి, చదివిన మనిషి అది ఉన్నదున్నట్టు అందులో రాయాలి.

చేరిన కొత్తలో పిన్ని అలాగే రాసేది. ఒక్కో ఇంటికి గంట పట్టేది. రోజుకు మూడిళ్ళేనా అని సూపర్వైజరు అడిగాడు. అప్పుడామె ఒక వాక్యం తయారుచేసింది: "ఇది పరిశోధన అని తెలుసుకున్నాను, నా ఇష్టంతోనే ఒప్పుకుంటున్నాను, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పారు." వాక్యం బాగుంది, తప్పు పట్టడానికి లేదు. నెల తిరిగేసరికి మిగతావాళ్ళూ అదే రాయడం మొదలుపెట్టారు. పదహారేళ్ళలో కొన్ని వందలమంది తమ మాటల్లో చెప్పినవన్నీ మా పిన్ని మాటలే. పాలప్యాకెట్‌ను మూడుసార్లు చదివే మనిషి నాలుగు పేజీల పత్రాన్ని ఐదు నిమిషాల్లో ముగించేది. ఆమె జాబితాలోంచి ఈ పదహారేళ్ళలో మధ్యలో మానుకున్నవాళ్ళు ఎవరూ లేరు. సూపర్వైజరు మీటింగుల్లో ఆ సున్నాను చూపించి చప్పట్లు కొట్టించేవాడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. అక్కడ ఏ కాగితం మీదా మనిషి పేరు ఉండదు, నంబరు ఉంటుంది. కుడివైపు పై మూలన, పెన్సిల్‌తో, చుట్టూ సున్నా చుట్టి. పెన్సిలే ఎందుకంటే, గొట్టం తుడిచే స్పిరిట్ తడి తగిలితే పెన్ను రాత కరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు. అలాంటి నంబర్లు పిన్ని తన చేత్తో కొన్ని వేలు వేసి ఉంటుంది.

పోయినేడాది పాత ప్రాజెక్టు ముగింపుకొచ్చింది. కొత్త దానిలోకి, డ్రైవరుతో సహా ఉన్న తొమ్మిదిమందిలో ఆరుగురినే తీసుకుంటామన్నారు. అందరూ ముందు పరిశోధనలో నీతి నియమాల మీద పన్నెండు వారాల శిక్షణ పూర్తిచేయాలి, ఆ మార్కులూ పని రికార్డూ చూసి జాబితా వేస్తారు. పిన్నికి నలభై ఎనిమిదేళ్ళు. ఇంకో చోట ఆ యంత్రం మోసే పని దొరకదు.

శిక్షణ ఇవ్వడానికి వేరే ఊరి నుంచి ఒక మేడం వచ్చింది. మెట్ల పక్క చిన్న గది ఆమెకిచ్చారు. మొదటి రోజే తలా ఒక గోధుమరంగు నోటుపుస్తకం పంచింది.

"పరీక్ష లేదు. వారానికో పేజీ రాయండి. పనిలో మిమ్మల్ని ఇబ్బందిపెట్టిన విషయం ఏదైనా. మీరు తప్పు చేశారా లేదా అన్నదానికి మార్కులు వెయ్యను, దాని గురించి ఎలా ఆలోచించారో చూస్తాను. గురువారం ఇచ్చేయండి, సోమవారం తిరిగిస్తాను. నేను తప్ప ఇంకెవరూ చూడరు."

ఆ చివరి మాటతో తొమ్మిదిమందికీ అనుమానం పుట్టింది. టీ గదిలో రేడియో మొదలుపెట్టాడు.

"విన్నావా అక్కా? మన తప్పులు మనచేతే రాయిస్తుందట. పైగా మార్కులు."

"విన్నాను."

"ఉచ్చు ఎప్పుడూ మెత్తటి తాడుతోనే వేస్తారు. ముగ్గురిని తీసెయ్యాలిగా, ఊరికే ఎలా తీస్తారు? మన చేతిరాతే సాక్ష్యం."

"నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు. గోడకు చెవులుంటాయి."

"గోడకెందుకక్కా, నేనున్నాగా," అన్నాడు రేడియో.

ఆ వారం తొమ్మిది పుస్తకాల్లోనూ ఒకే మాట ఉంది: "ఈ శిక్షణ నా కళ్ళు తెరిపించింది." సోమవారం మేడం పుస్తకాలు బల్ల మీద పేర్చి అంది:

"తొమ్మిదిమందికీ ఒకేరోజు కళ్ళు తెరుచుకున్నాయి. కంటి ఆసుపత్రిలో కూడా ఇంత మంచిరోజు ఉండదు."

ఎవరూ నవ్వలేదు. అందరికీ పదికి రెండు.

పిన్ని మెల్లగా చిన్నచిన్న నిజాలు రాయడం మొదలుపెట్టింది. ఒకామె అన్నం తింటుంటే లేపి ఊదించాను. ఒకాయన భార్యను అడిగి చెప్తానంటే ఇప్పుడే చెప్పమన్నాను. మార్కులు నాలుగయ్యాయి, ఆరయ్యాయి. వెంట్రుక పరచడం అప్పుడే మొదలైంది. పుస్తకం తన దగ్గరున్న రోజుల్లో ఎవరైనా ముట్టుకున్నారేమో చూసుకోవడానికి ఒకటి. గురువారం ఇచ్చేటప్పుడు పాత పేజీలన్నిటిలో పేజీకొకటి. మేడం కొత్త పేజీయే చదువుతోందా, వెనక్కి కూడా వెళ్తోందా తెలియాలిగా. నాలుగు వారాలు పాత పేజీల వెంట్రుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అది కూడా పిన్నికి నచ్చలేదు.

"చదివింది మళ్ళీ చదవాలనిపించలేదంటే ఏమిటర్థం?" అని బాబాయిని అడిగింది.

"ఒకసారికే అర్థమైందని."

"మీకన్నీ తేలికే."

ఆరో వారం ఆమె కోతమిల్లు మేస్త్రి గురించి రాసింది. ఎందుకు రాసిందో ఇప్పటికీ సరిగా చెప్పదు. మేస్త్రికి అరవై దాటాయి. ఆరేళ్ళుగా ఆమె జాబితాలో ఉన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ కుర్చీ తుడిచి వేస్తాడు, గొట్టంలోకి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా ఊదుతాడు, ఊది అడుగుతాడు: "మందు ఎప్పుడిస్తారు నర్సమ్మా?" పిన్ని నర్సు కాదు. మందు లేదు. "రిపోర్టు రావాలిగా మేస్త్రీ" అంటుంది. అది అబద్ధం కాదు, రిపోర్టు నిజంగానే రావాలి. ఆరేళ్ళలో పన్నెండుసార్లు ఆ మాట చెప్పానని, మందు కోసమే ఆయన ఊదుతున్నాడని తనకు మొదటిసారే తెలుసని, చెప్తే మానేస్తాడని చెప్పలేదని, ఆయన గడిలో ఉన్న వాక్యం కూడా తనదేనని పేజీన్నర రాసింది. గురువారం ఇచ్చేసింది. ఇచ్చిన గంటకే వెనక్కి అడగాలనిపించింది, కానీ అడిగితే అనుమానం వస్తుందని అడగలేదు.

సోమవారం పుస్తకం వచ్చింది. పదికి తొమ్మిది. కింద ఆకుపచ్చ సిరాతో ఒక ప్రశ్న: "ఇప్పుడేం చేస్తారు?"

పిన్ని ఆ ప్రశ్న కన్నా ముందు పాత పేజీలు తిప్పింది. ఒక్క వెంట్రుకా లేదు. పుస్తకం వెన్ను మధ్యలో విరిగి తెల్లటి గీత పడింది. చదివితే వెన్ను విరగదు, బోర్లా పరిచి ఏ గాజు మీదో అదిమితే విరుగుతుంది. మెట్ల పక్క గది బయటే జిరాక్స్ మిషను ఉంది. చివరి అట్ట లోపల, కుడివైపు పై మూలన, పెన్సిల్‌తో 7 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది.

పొద్దున్నుంచి మూడుసార్లు ఆ అంకె చూశాక ఆమె జీపు దగ్గరికి వెళ్ళింది.

"నీ పుస్తకం చూపించు."

"నాదేముందక్కా, బండికి బ్రేకు వేసినప్పుడల్లా నా మనసు బాధపడిందని రాశా."

అతని అట్ట లోపల 3 ఉంది, సున్నా చుట్టి.

"శుక్రవారం మేడం కాగితాలు మోయమంటే మోశాను," అన్నాడు రేడియో, ఈసారి నిజంగానే మెల్లగా. "ఇంత కట్ట. జిరాక్సులు. పైన అట్ట మీద 'విశ్లేషణకు' అని రాసుంది."

"ఆరోజే ఎందుకు చెప్పలేదు? ఊళ్ళో అన్నీ చెప్తావుగా."

"మనవని నాకేం తెలుసక్కా?"

పిన్ని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కట్ట కేంద్రం డైరెక్టరు బల్ల మీదికి చేరి ఉంటుంది. మేస్త్రి పేజీ ఒక్కటి చాలు, ఆరుగురిలో తను ఉండదు. బాబాయి మాత్రం వేరే మాట అన్నాడు:

"డైరెక్టరుకిచ్చేదైతే పేరు కావాలి. నంబరెందుకు?"

పేరు తీసి నంబరు ఎప్పుడు వేస్తారో పిన్నికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మర్నాడు ఆమె మెట్ల పక్క గదికి వెళ్ళింది. తలుపు దగ్గరే నిలబడింది.

"మేడం, నేను ఏడో నంబరునా?"

మేడం కళ్ళద్దాలు తీసింది. "కూర్చోండి. అవును... నేనొక వ్యాసం రాస్తున్నాను. ఇలాంటి నోటుపుస్తకాలతో శిక్షణలో ఎవరెంత నేర్చుకున్నారో కొలవొచ్చా అని. కంగారుపడకండి, మీ పేరు ఎక్కడా రాదు. అన్నీ నంబర్లే."

"ఆ మాట నేను పదహారేళ్ళుగా చెప్తున్నానండీ. చెప్పేటప్పుడు బాగానే ఉంటుంది."

పిన్ని కూర్చోలేదు.

"ఫారం ఏది మేడం?"

"ఏ ఫారం?"

"నాలుగు పేజీలది. ఇది పరిశోధన అని చెప్పేది. వద్దంటే మానుకోవచ్చని చెప్పేది. మాకెవరూ చదవలేదు."

"ఇది శిక్షణలో భాగమే కదా అని..." మేడం మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె వెనక బోర్డు మీద పోయిన వారం పాఠం ఇంకా చెరపలేదు. మొదటి వరసలో 'అడగకుండా తీసుకోకూడదు' అని ఆమె చేతిరాతే ఉంది. ఆమె తిరిగి చూడలేదు గానీ, పిన్ని చూపు ఎక్కడుందో తెలిసింది.

"కంచే చేను మేసినట్టయింది," అంది మేడం. "కాపీలు తిరిగిచ్చేస్తాను. గురువారం ఫారం తెచ్చి అందరికీ చదువుతాను."

"మార్కులు మీ చేతిలో ఉన్నాయి. మా ఉద్యోగాలు మార్కుల చేతిలో ఉన్నాయి. ఫారం ఇస్తే కాదని ఎలా అంటాం?"

ఇది మేడం ఊహించని ప్రశ్న. కాగితం తీసి రాసుకుంది. పిన్ని ఆ రాసుకోవడాన్ని కూడా అనుమానంగానే చూసింది.

అనుకున్న గురువారం ఫారం రాలేదు. పన్నెండు వారాలూ అయ్యాకే మేడం మార్కులన్నీ వేసి, అందరి ముందూ చదివి, కవరు అంటించి ఆఫీసుకు పంపేసింది. ఆ తర్వాతే నాలుగు పేజీలు తీసింది. నలభై నిమిషాలు చదివింది. చివరి గడి దగ్గర ఆగి, "ఇప్పుడు మీ మాటల్లో," అంది.

"అక్కా, నీ వాక్యం చెప్పు, రాసేస్తాను," అన్నాడు రేడియో.

"నీకేం అర్థమైందో అది రాయి."

"నాకు అర్థమైందా?"

"అదే రాయి."

పిన్ని తన గడిలో ఇలా రాసింది: "నా పేజీలు వాడుకోవచ్చు. ఆరో వారంది వద్దు. అందులో ఉన్నది నేనొక్కదాన్నే కాదు. ఆయన్ని ఎవరూ అడగలేదు."

రాశాక ఆమెకు ఇంక దారి లేకపోయింది. ఆ పేజీ తనది కాదని తన చేత్తోనే రాసింది. మేస్త్రిని అడగాలంటే ముందు నిజం చెప్పాలి. చెప్తే ఆయన మానుకుంటాడు. మానుకుంటే పదహారేళ్ళ సున్నా పోతుంది. జాబితా ఇంకో పది రోజుల్లో వస్తుంది. మేస్త్రికి చెప్పేస్తానంటే సూపర్వైజరు కూడా అదే గుర్తుచేశాడు: "ఇప్పుడే పాడుచేసుకోవాలా అమ్మా? జాబితా వచ్చాక చెప్పుకో. ఆరేళ్ళు ఆగినవాడు పది రోజులు ఆగలేడా?"

మాట న్యాయంగానే ఉంది. పిన్నికి న్యాయంగా ఉన్న మాటల మీదే ఎక్కువ అనుమానం.

కోతమిల్లులో రంపం ఆగాక మేస్త్రి కుర్చీ తుడిచి వేశాడు. యంత్రం కనిపించకపోయేసరికి సంచి వైపు చూశాడు.

"ఇవాళ ఊదేది లేదా నర్సమ్మా?"

"లేదు మేస్త్రీ. మందు కూడా లేదు. ఇక ముందూ రాదు. ఇది వైద్యం కాదు, లెక్క. ఆ సంగతి నేను మీకు ఆరేళ్ళ కిందటే సరిగా చెప్పాల్సింది."

మేస్త్రి చాలాసేపు చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నావు? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు."

"ఎవరూ పంపకుండా ఎవరైనా తప్పు ఒప్పుకుంటారా? ఇందులో నీకేదో ఉంది."

"ఏమీ లేదు. ఉన్నది పోతుంది. నేను నర్సును కూడా కాదు."

"అదీ అబద్ధమేనా!"

పిన్ని ఆయనవి పన్నెండు అంకెలూ తేదీలతో సహా రాసుకొచ్చిన కాగితం ఇచ్చింది. ఇది పట్టుకుని ఛాతీ ఆసుపత్రికి వెళ్ళండి, కింది మూడు అంకెలు బాగా తగ్గాయి, డాక్టరుకు చూపించండి అని చెప్పింది. మేస్త్రి ఆ కాగితాన్ని ఒకసారి చదివాడు, వెలుగులోకి వెళ్ళి ఇంకోసారి చదివాడు, వెనక తిప్పి ఏమైనా రాసి ఉందేమో చూసి మూడోసారి చదివాడు.

"నా పేరు తీసేయ్," అన్నాడు.

"పేరు లేదు. నంబరుంది."

"అదీ తీసేయ్."

"నా పుస్తకంలో మీ గురించి ఒక పేజీ రాశాను. దాన్నేం చెయ్యమంటారు?"

"చించేయ్."

ఆయన ముందే చించింది. ఆయన ఆ పేజీన్నర తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె వాకిలి దాటుతుండగా వెనక నుంచి అన్నాడు, "కుర్చీ తుడిచి వేశాను, కూర్చోనైనా లేదు." అది కోపమో కాదో పిన్ని తేల్చుకోలేకపోయింది.

మానుకున్నవారి కాగితం ఆ సాయంత్రమే ఆఫీసులో ఇచ్చింది. సూపర్వైజరు సున్నా మీద గీత కొట్టి ఒకటి వేశాడు.

జాబితా వచ్చింది. ఆరోది, చివరిది, పిన్ని పేరు. రేడియో మూడోవాడు. అతనికే ఆశ్చర్యంగా ఉంది.

"నిన్ను మేడం భయపడి పెట్టించి ఉంటుందక్కా, నువ్వు పైకి రాస్తావని," అన్నాడు.

ఇంట్లో బాబాయి భూతద్దం కంటికి పెట్టుకునే అడిగాడు, "నీకు నిజంగా మార్కులతోనే వచ్చిందేమో అనుకోవచ్చుగా?"

"అలా అనుకోవడానికి ఆధారమేముంది?" అంది పిన్ని.

మేడం వెళ్ళిపోయింది. ఆమె వ్యాసం అచ్చయిందో లేదో తెలియదు. పిన్ని అడగలేదు, కానీ కేంద్రానికి వచ్చే పత్రికలు ఇంటికి తెచ్చి ఏడో నంబరు కోసం వెతకడం నేను చూశాను. శిక్షణ అయిపోయినా ఆ నోటుపుస్తకంలో ఆమె వారానికో పేజీ రాస్తూనే ఉంది. ఎవరికీ ఇవ్వదు.

ఇప్పుడు ఆమె రోజుకు మూడిళ్ళే తిరుగుతుంది. కొత్త ప్రాజెక్టులో ఆమె జాబితాలో ఇప్పటికి పంతొమ్మిది ఇళ్ళున్నాయి. ఫారం విని నలుగురు సంతకం పెట్టలేదు.